అమ్మోరు చూసిన అంచు

నేను ఒక కోడికత్తిని. మీ చిటికెన వేలికంటే కాస్త పొడుగు, అంతే. ఒక చివర వంపు తిరిగి ఉంటుంది. దాన్ని పుంజు ఎడమ కాలికి ఆనించి దారంతో బిగిస్తారు. రెండో చివర మొన. నా మొన ఇప్పుడు వెంట్రుక వాసి వంగి ఉంది. ఆ వంపులో నీలం రంగు ఇరుక్కుని ఉంది. రక్తమైతే కడిగితే పోతుంది. ఈ నీలం పోలేదు. అది ఎలా అంటిందో చెప్పడానికే నోరు విప్పాను.

నా ఇనుము మొదట ఒక లారీ కమాను పట్టీలో ఉండేది. ఆ లారీ కాలవగట్టు మీద నుంచి బోల్తా పడి, లోపల ఉన్నవాళ్ళను నీళ్ళలోకి నొక్కి చంపింది. ఆ తుక్కులోంచి తాటిలంక కమ్మరి ఈశ్వరాచారి జానెడు ముక్క తెచ్చుకున్నాడు. భక్తిపరుడు. విశ్వకర్మకు దండం పెట్టకుండా సమ్మెట ఎత్తేవాడు కాదు. నన్ను కొలిమిలో ఎర్రగా కాల్చి, దాగలి మీద పెట్టి, దెబ్బకో నామం చదువుతూ కొట్టాడు. మనుషులు దేవుణ్ణి తలుచుకుంటూ ఎంత గట్టిగా కొట్టగలరో నాకు అక్కడే తెలిసింది. ఆఖరున నీళ్ళలో ముంచితే కేక పెట్టాను. ఆయన ఆ కేక విని తృప్తిగా నవ్వుకున్నాడు.

నన్ను మొదట కొన్నవాడు గంగాధరం అనే పందెగాడు. తొలి పందెం నాకింకా గుర్తుంది. రెండు పుంజులూ మెడలు సాచి, కళ్ళలో కళ్ళు పెట్టి చూసుకుని, ఒక్కసారే పైకి ఎగిరాయి. గాలిలో కాలు విసురుగా వచ్చింది. ముందు ఈకలు, తర్వాత చర్మం, ఆ తర్వాత వెచ్చగా ఏదో కొట్టుకుంటూ తగిలింది. అది గుండె అని తర్వాత తెలిసింది. ఎదుటి పుంజు పడిపోయాక కూడా రెక్కలు కొట్టుకుంటూ బరిలో గుండ్రంగా తిరిగింది, తన నెత్తురుతో తనే ముగ్గు వేసుకుంటున్నట్టు. చుట్టూ జనం ఈలలు వేశారు. అంతా కలిపి ఒక వక్క నమిలేటంత సేపు పట్టలేదు. ఇంత చిన్న పని కోసం ఇంతమంది ఇంత దూరం నడిచి వచ్చారా అని నాకు ఆశ్చర్యం వేసింది.

ఒకసారి మనిషి రుచి కూడా చూశాను. గెలుపు ఎవరిదన్న దగ్గర మాట పెరిగింది. గంగాధరం నన్ను పుంజు కాలినుంచి ఊడబెరికి, సొంత బావమరిదిని భుజం నుంచి మోచేతి దాకా చీరాడు. ఆ మాంసం కూడా అలాగే తెరుచుకుంది. కోడికీ మనిషికీ నా అంచుకు తేడా తెలియలేదు. బావమరిది మాత్రం పడిపోతూ "బావా" అన్నాడు. కోడి అలా పిలవదు. అదొక్కటే తేడా.

గంగాధరం జైలుకు పోయాడు. పోలీసులకు ఇంకేదో కత్తి దొరికి, అది నా బదులు కోర్టుకు వెళ్ళింది. అతని భార్య మిగతా కత్తులన్నిటినీ తోలు ఒరతో సహా వచ్చినకాడికి అమ్మేసింది. అలా నేను ఏడుకొండలు ఇంటికి చేరాను.

ఏడుకొండలు కొబ్బరితోటల్లో కాయ దింపించే పని చేసేవాడు. శనివారం ఒంటిపూట ఉండేవాడు. గుడి ముందు నుంచి వెళితే చెప్పులు చేత పట్టుకునేవాడు. బరి దగ్గర మాత్రం వేరే మనిషి. అతని భార్య సత్యవేణి ఎనిమిదో తరగతి దాకా చదువుకుంది. చీమల బారు కనిపిస్తే చీర ఎత్తి పట్టుకుని దాటేది. ఆమె కథలు రాసేది.

ఒక వారపత్రికవాళ్ళు కార్డు కథలు వేసేవారు. కథ మొత్తం ఒక్క పోస్టుకార్డు మీద పట్టాలి. సత్యవేణివి అంతకు ముందు కొన్ని పడ్డాయి. ఈసారి పత్రికవాళ్ళే ఉగాది సంచికకు ఒకటి పంపమని రాశారు. పుట్టింది మొదలు ఆమెను చాలామంది చాలా అడిగారు. అన్నం అడిగారు, చాకిరీ అడిగారు, ఓపిక అడిగారు. కథ అడిగినవాళ్ళు వీళ్ళే. ఆ ఉత్తరం వచ్చిన రోజు ఆమె దేవుడి గూటి ముందు రెండుసార్లు దీపం పెట్టింది.

శివరాత్రి మర్నాటి టపాలో కార్డు వెళ్ళాలి. అది దాటితే ఉగాదికి అందదు. ఆ మర్నాడే కాలవ అవతల కొబ్బరితోటలో శివరాత్రి తీర్థం, ఆ జాతరలో కోడిపందేలు. ఎర్రయ్య బరిలోకి దిగేది కూడా ఆ రోజే.

ఎర్రయ్య ఇంటి పుంజు. పందెగాళ్ళ లెక్కలో రంగుకి డేగ. ఒళ్ళంతా నిప్పు రంగు. గుడ్డులోంచి బయటికొచ్చిన రోజునే తల్లికోడిని కుక్క ఎత్తుకుపోతే, సత్యవేణి చీర కుచ్చిళ్ళలో పెట్టుకుని పెంచింది. బాదంపప్పులు నానబెట్టి, తొక్క వలిచి, ఒక్కొక్కటే నోటికి అందించేది. పొద్దున్నే ఆమె తులసికోట చుట్టూ తిరుగుతుంటే వాడూ వెనకాలే ప్రదక్షిణం చేసేవాడు.

"వాడిని పంపకపోతే ఏవండి? ఇంకేదన్నా పుంజుని కొనుక్కోండి" అంది ఒకరోజు.

"పెంచింది దేనికే మరి, పెళ్ళి చెయ్యడానికా?"

"నా చేత్తో తిన్నాడండి."

"నీ చేత్తో తిన్నాడు గనకే ఆడికంత సత్తువ. గెలిస్తే నీ పేరే చెప్తాలే, ఆయ్!"

ఆమె కథ కోసం వెతకడం నేను గూట్లో ఒరలోంచి వినేదాన్ని. రోట్లో కారం దంచుతూ పైకే అనుకునేది. పాలు పొంగితే అందులో కథ ఉందేమోనని స్టవ్వు ఆర్పకుండా చూస్తూ నిలబడేది. పాలూ పోయేవి, కథా వచ్చేది కాదు. పక్కింటి కోడలు గోడ దగ్గర నిలబడి అత్తను తిడుతుంటే చెవి పెట్టేది. అది పుస్తకమంత పొడుగు, కార్డుకు పట్టదు. గడువు దగ్గరపడే కొద్దీ ఆమె చూపు మారింది. పందెం రోజు దగ్గరపడ్డప్పుడు ఏడుకొండలు పుంజుల్ని చూసే చూపు అది. మనుషుల్ని, కుక్కల్ని, కాకుల్ని అలాగే చూసింది. దీనిలో ఏమన్నా ఉందా, దీన్ని కోస్తే ఏమన్నా వస్తుందా, అన్నట్టు.

చివరికి అన్నీ ఒక్క చోటికే వచ్చేవి. కార్డు చిన్నది. జాగా అయిపోతుంది. కథ ఆగాలంటే ఎవరో ఒకరు చావాలి. చిన్న కథకు చావంత దగ్గర దారి ఇంకోటి లేదు. ఆమె ఇదివరకు పంపిన కార్డుల్లో ఒక పడవవాడు మునిగాడు, ఒక ఎద్దు కాడి కింద కూలబడింది, ఒక అత్తగారు మంచంలోనే పోయింది.

ఏడుకొండలుకు ఈ సంగతి తెలుసు. అన్నం తింటూ ఎత్తిపొడిచేవాడు.

"నేను కోళ్ళని చంపుతున్నానని మూతి ముడుస్తావు గాని, నువ్వు కార్డుకొకణ్ణి ఏసేస్తున్నావు కదే!"

"నేను చంపినోళ్ళకి నెత్తురు రాదు కదండి" అనేది ఆమె, మజ్జిగ పోస్తూ.

శివరాత్రి సాయంత్రం ఏడుకొండలు నన్ను ఒరలోంచి తీసి సానరాయి మీద పట్టాడు. గాలిలో ఎగిరే ఈకను తాకితే రెండయ్యేంత పదును వచ్చింది. పసుపు రాసి, నిమ్మకాయలో ఒకసారి గుచ్చి తీసి, కుంకుమ అద్ది, ముత్యాలమ్మ పటం ముందు పెట్టాడు. ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. అమ్మవారి ముందు పెట్టాక మర్నాడు పందెం అయ్యేదాకా కత్తికి సాన పట్టకూడదు. పదును వేలితో చూడకూడదు. "అమ్మోరు చూసిన అంచుని రాయి చూడకూడదు" అని ఏడుకొండలు తండ్రి అనేవాడట. ఆవిడ చూపు కంటే ఏ రాయి పదును అని వాళ్ళ నమ్మకం. నేనూ నమ్మాను.

కాసేపటికి సత్యవేణి వచ్చి, నా పక్కనే ఒక ఖాళీ కార్డు పెట్టింది. ఇంట్లో అదే చివరిది. మిగతావి మొదలుపెట్టి నచ్చక పాడుచేసింది. టపా పట్టుకెళ్ళే తవిటయ్యను అడిగితే కార్డులు నిండుకున్నాయి, సోమవారానికి గాని రావన్నాడు.

"తల్లీ, రేపు టపా వేళకి ఏదో ఒకటి నా చేత రాయించు. నిన్ను ఇంకేం అడగను" అని కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరిచి, మళ్ళీ మూసుకుని, "ఎర్రయ్యని కూడా చూసుకో" అంది.

అలా ఆవిడ పాదాల దగ్గర ఒక పక్క నేనూ, ఒక పక్క కార్డూ. నేను రక్తం కోసం, అది కథ కోసం. ఆవిడ ఎవరి మాట వింటుంది? రెండు మాటలూ ఒకటే కావచ్చునని నాకు అప్పుడు తోచలేదు.

తెల్లవారాక ఏడుకొండలు పెరట్లో ఎర్రయ్యకు స్నానం చేయించి, గడ్డం గీసుకునే బ్లేడుతో మెడ కింద ఈకలు కత్తిరించసాగాడు. సత్యవేణి వంటింట్లో దేవుడి గూటికి ఎదురుగా, ఒళ్ళో బాదంపప్పుల గిన్నెతో సన్నికల్లు పక్కన కూర్చుని, కార్డును ఆ రాతి మీదే పెట్టుకుంది. పుంజు అరుపు పెరట్లోంచి వినిపించింది. ఆమె ఉలిక్కిపడి, ఆ అరుపు ఆగకముందే రాయడం మొదలుపెట్టింది. ఇన్నాళ్ళూ వెతికినది ఆమె చేతిలో తింటూనే ఉంది మరి. ఒక ఆడమనిషి, ఆమె పెంచిన పుంజు, దాన్ని బరికి తీసుకెళ్ళే మొగుడు. నీలం పెన్నుతో, ఎక్కడా ఆగకుండా, చీమ తలకాయలంత అక్షరాలతో రాసింది. ఆఖరున జాగా ఒక్క వరస మిగిలింది. ఆమె రాసి, పైకి చదువుకుంది.

"సాయంత్రం దీపం పెట్టే వేళకి ఆమె గిన్నెలో బాదంపప్పులు పోసుకుని గుమ్మంలో కూర్చుంది. ఎర్రయ్య రాలేదు."

చదివి, ఎంతో కాలం మోసిన బరువు దించినట్టు ఊపిరి వదిలింది. కథ కుదిరింది. నాకు కథలు తెలియవు గాని దెబ్బ తగలవలసిన చోట తగిలితే తెలుస్తుంది. ఆ ఆఖరి మాట గుండెలోకి దిగింది.

అప్పుడే తడి ఈకలతో ఎర్రయ్య వంటింటి గడప ఎక్కి వచ్చాడు. ఆమె ఒళ్ళో ఉన్న గిన్నెలోకి తలపెట్టి ఒక బాదంపప్పు అందుకున్నాడు.

సత్యవేణి ముఖంలో రంగు పోయింది.

"ఓరి నాయనో, నిన్ను బతికుండగానే రాసేశానురా! తథాస్తు దేవతలు తిరుగుతుంటారు కదా... నా చేతులు పడిపోనూ!"

బ్లేడు కోసం చూసింది. అది పెరట్లో ఈకల్లో ఉంది. మొగుణ్ణి అడిగితే ఎందుకంటాడు. బయట తవిటయ్య సైకిలు గంట, ఇంకా నాలుగిళ్ళ అవతల. ఆమె లేచి గూటి దగ్గరకు వచ్చింది. నన్ను కళ్ళకద్దుకుని, "తప్పయితే క్షమించు తల్లీ" అని తీసుకుంది.

కోళ్ళను కోశాను. మనిషిని కోశాను. మాటను కోయడం అదే మొదటిసారి. కార్డును సన్నికల్లు మీద అదిమి పట్టి, "రాలేదు" అన్న మాటను నాతో గీకింది. అట్ట మొండిది. సిరా లోపలికి ఇంకింది. గీకి, ఊది, మళ్ళీ గీకింది. ఆ తొందరలో నేను కార్డు అంచు దాటి రాతికి తగిలాను. 'టిక్' మని చిన్న చప్పుడు. కూర తాలింపు చిటపటల్లో ఆమెకు వినిపించలేదు. నా మొన వంగింది.

గీకిన చోట ఆమె నెమ్మదిగా రాసింది. "వచ్చాడు."

నన్ను పైట కొంగుతో తుడిచి, మళ్ళీ కుంకుమ దట్టంగా అద్ది, పటం ముందు ఉన్నచోటే పెట్టి, వీధిలోకి పరుగెత్తింది.

"ఏం తల్లీ, ఈసారి ఎవర్ని చంపేవు?" అన్నాడు తవిటయ్య కార్డు అందుకుంటూ.

"ఎవర్నీ చంపలేదు బాబాయ్. ఈసారి బతికించాను" అంది. ఆమె గొంతులో అంత సంతోషం నేను ఆ ఇంట్లో అంతకు ముందు వినలేదు.

బరి దగ్గర కత్తులు కట్టేది పల్లయ్య. నన్ను ఎర్రయ్య కాలికి ఆనించి దారం చుడుతూ, కుంకుమ చూసి, "అమ్మోరి దగ్గర పెట్టేవా బావా?" అన్నాడు.

"రాత్రే పెట్టాను. ఏలు పెట్టకు" అన్నాడు ఏడుకొండలు.

"నాకు తెల్దేటి!" అని పల్లయ్య వేలు దూరంగా తీసుకున్నాడు. ఇంకెక్కడైనా అయితే అతను బొటనవేలి గోరు మీద మొనను ఆనించి చూసేవాడే.

ఎదురుగా కాకి. నల్లటి పుంజు, మెడ మీద పాత గాట్లు. వదలగానే రెండూ లేచాయి. ఎర్రయ్యే ముందు కొట్టాడు. ఎంత చక్కగా కొట్టాడో చెప్పలేను. సరిగ్గా గొంతు కింద, ప్రాణం ఉండే చోట. నేను తగిలాను. దిగాలి. దిగలేదు. వంగిన మొన ఈకల మీద జారి, పక్కకు పోయింది. చెంపదెబ్బ లాంటిది తగిలింది కాకికి, అంతే. వెళుతూ వెళుతూ దాని కత్తి ఎర్రయ్య రెక్క కింద తెరిచింది.

నెత్తురు నా మీదికే కారింది. అంతవరకూ నా మీద పడ్డ నెత్తురంతా ఎదుటివాళ్ళది. వాడు ఆగలేదు. మళ్ళీ లేచాడు, మళ్ళీ తగిలించాడు, మళ్ళీ నేను జారాను. జనం నవ్వారు. "ఏడుకొండలూ, కత్తి కట్టేవా, అట్లకాడ కట్టేవా?" అని ఎవడో అరిచాడు. కాకి ఈసారి ముఖం మీదికి వచ్చింది. ఎర్రయ్య ఒక కన్ను పోయింది. ఏడుకొండలు వాణ్ణి ఎత్తి, నోట్లో నీళ్ళు పోసుకుని ముఖాన ఊదాడు. రెక్క కింద నుంచి పేగు బయటికి వస్తే వేలితో లోపలికి తోశాడు. "ఒక్క దెబ్బరా, ఒక్క దెబ్బ, నా తండ్రివి కదా" అని చెవిలో చెప్పి మళ్ళీ దింపాడు. ఆ పుంజుకు ఉన్న కన్ను కూడా మసకేసింది. నిలబడలేక ముక్కు నేలకు ఆనించి నిలబడ్డాడు. కాకి నడిచి వచ్చి, తొందర లేకుండా, మెడ మీద కొట్టింది.

ఎర్రయ్య పడిపోయాక కాళ్ళు కాసేపు ఆడాయి. ఆ కాలితోపాటు నేనూ ఆడాను, మట్టిని పొడుస్తూ. మట్టిలోకి మాత్రం తేలిగ్గా దిగాను.

ఓడిన పుంజు గెలిచినవాడిది. కాకి యజమాని ఎర్రయ్యను కాళ్ళు పట్టి తలకిందులుగా వేలాడేసుకుని, మసాలా సంగతి మాట్లాడుకుంటూ వెళ్ళిపోయాడు. అంతకు ముందే పల్లయ్య దారం కోసి నన్ను తీశాడు. కుంకుమ నెత్తుటితో కడుక్కుపోయింది. అతను మొనను ఎండకు పట్టి చూశాడు.

"బావా, ముక్కు వంగిపోయిందిది. ఇదేంటి, నీలంగా ఉంది?"

"వంగడమేంటి? రాత్రి సాన పట్టింది నేను. అమ్మోరి ముందు పెట్టింది నేను" అన్నాడు ఏడుకొండలు. తర్వాత నెమ్మదిగా, "ఆవిడకి ఇష్టం లేదేమో" అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి దీపాల వేళయింది. సత్యవేణి గుమ్మంలో కూర్చుని ఉంది. ఒళ్ళో గిన్నె, గిన్నెలో బాదంపప్పులు. ఏడుకొండలు చేతులు ఖాళీగా ఉండడం చూసింది. గిన్నె పక్కన పెట్టి లేచి నిలబడింది.

"ఏడండి?"

అతను గిన్నెను కాలితో తన్నాడు. నన్ను ఒరలోంచి లాగి గుమ్మానికేసి విసిరికొట్టాడు. ఆమె చెవి పక్కనుంచి వెళ్ళి ద్వారబంధానికి తగిలి కింద పడ్డాను. పసుపూ బొట్లూ పెట్టిన ఆ కర్రలోకి కూడా నేను దిగలేదు.

"దిగలేదే! సరిగ్గా పీక మీద కొట్టాడు ఆడు. రెండుసార్లు కొట్టాడు. ఇది దిగలేదు!" అని అరిచి, అరుగు మీద కూలబడి ముఖం తువ్వాలులో పెట్టుకున్నాడు.

సత్యవేణి వంగి నన్ను తీసింది. దీపం దగ్గరకు తీసుకెళ్ళింది. మొన చూసింది. మొనలో నీలం చూసింది. ఆమె ఏడవలేదు. నన్ను అరచేతిలో పెట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటే మూసి, పిడికిలి బిగించింది. అంచు ఇంకా కొంత మిగిలే ఉంది. ఆమె నెత్తురు నాకు తెలిసింది. కోడిదీ కాదు, బావమరిదిదీ కాదు. వేడి మాత్రం అదే.

ఉగాది సంచిక వచ్చింది. కథ పడింది, పక్కన ఎర్రపుంజు బొమ్మతో సహా. కొన్నాళ్ళకు ఒక పాఠకుడు పత్రికకు రాసిన ఉత్తరాన్ని వాళ్ళు ఆమెకు పంపారు. కథంతా బాగుందట, ముగింపు మాత్రం నమ్మేలా లేదట. కత్తి కట్టి పంపిన పుంజు చక్కగా ఇంటికి రావడం కథల్లోనే జరుగుతుందట.

అంతకు ముందే, ఉగాది నాడు పచ్చడి తిన్నాక ఏడుకొండలు, శివరాత్రి తర్వాత మొదటిసారి, ఆమె కథ సంగతి ఎత్తాడు. అతనికి పేరు రాయడం తప్ప చదువు రాదు.

"మన ఎర్రయ్య గురించంట కదా. తవిటయ్య చెప్పాడు. చదువు, ఇంటాను."

ఆమె గూటి పక్కన నిలబడి చదివింది. స్నానం, బాదంపప్పులు, తులసికోట చుట్టూ ప్రదక్షిణం. అతను తల వంచుకుని వింటున్నాడు. ఆఖరి వరస దగ్గర ఆమె ఆగింది. కాగితం మీద ఏముందో గూట్లో ఉన్న నాకు తెలుసు. దాన్ని గీకి దారి చేసింది నేనే.

"సాయంత్రం దీపం పెట్టే వేళకి ఆమె గిన్నెలో బాదంపప్పులు పోసుకుని గుమ్మంలో కూర్చుంది" అని చదివింది. తర్వాత కాగితం మీంచి కళ్ళెత్తి, "ఎర్రయ్య రాలేదు" అంది.

ఏడుకొండలు తల ఎత్తి ఆమెను చూశాడు.

"ఉన్నది ఉన్నట్టు రాశావే" అన్నాడు. లేచి వెళ్ళి, మిగతా కత్తులున్న ఒరను అటక మీదికి విసిరేశాడు. మళ్ళీ దింపలేదు.

నన్ను ఆమె తన పెన్నుల డబ్బాలో పెట్టుకుంది. ఇప్పటికీ ఏటా గడువులు వస్తాయి. ఆమె కార్డు ముందు కూర్చుంటుంది, కథ దొరకక గోళ్ళు కొరుక్కుంటుంది, దొరికాక రాస్తుంది. తప్పు పోతే కొట్టేసి పక్కనే రాస్తుంది గాని గీకదు. ఎవర్నైనా చంపవలసి వస్తే పెన్ను ఆపి, ఒకసారి నన్ను తీసి మొన చూసుకుంటుంది. ఒక్కోసారి ఆ కార్డులో వాళ్ళు బతుకుతారు. ఒక్కోసారి బతకరు.

నేనూ ఆ కార్డూ, అమ్మవారు మా ఇద్దరిలో ఎవరి మాట విన్నదో నాకు ఈ రోజుకీ తెలియదు. సత్యవేణి కథ కావాలని అడిగింది, ఆవిడ ఇచ్చింది. పుంజును చూసుకోమనీ అడిగింది. ఆవిడ చూస్తూనే ఉంది కాబోలు, పటంలో ఆ కళ్ళు ఎప్పుడూ మూయలేదు. నేను ఇనుమును. అడగడం వరకే నాకు చేతనవును.